యూనిఫాం వదిలాక ఏ బీ-స్కూల్? ఫౌజీలకి ఉన్న దారుల పోలిక

పోయిన చలికాలంలో ఒక రాత్రి పదకొండింటికి లేహ్ నుంచి ఫోన్ వచ్చింది. చేసింది ఆర్మీలో మా విభాగంలోనే పనిచేస్తున్న మేజర్, కర్నూలు వైపు కుర్రాడు. మాట తెగుతూ తెగుతూ వినపడుతోంది. "సర్, ఇంకో ఏడాదిన్నరలో రిలీజ్. నాకు ఐఐఎంలో సీటు వస్తుందంటారా?" అన్నాడు. "ఏ కోర్సులో?" అని నేను తిరిగి అడిగాను. అటునుంచి చప్పుడు లేదు. నెట్‌వర్క్ పోయిందేమో అనుకున్నాను. తర్వాత మెల్లగా, "అదే తెలియడం లేదు సర్" అన్నాడు.

నేను షార్ట్ సర్వీస్ కమిషన్‌లో, అంటే పరిమిత కాలానికే తీసుకునే ఆఫీసర్ కొలువులో, పదేళ్ళు చేసి బయటికి వచ్చినవాణ్ణి. ఏడాది మేనేజ్‌మెంట్ కోర్సు చదివి, ఇప్పుడు హైదరాబాద్‌లో సప్లై చెయిన్ ఉద్యోగం చేస్తున్నాను. ఇలాంటి ఫోన్లు నాకు తరచూ వస్తుంటాయి. అడిగేవాళ్ళందరూ "ఛాన్స్ ఎంత?" అనే మొదలుపెడతారు. దానికి జవాబు చెప్పాలంటే ముందు ఏ కోర్సో తేలాలి. ఎందుకంటే ఐఐఎం అనే ఒకే పేరు కింద నాలుగు రకాల చదువులు నడుస్తున్నాయి. ఒకదానికి ప్రవేశ పరీక్షే లేదు. ఇంకోదానికి దేశమంతా కూర్చునే క్యాట్. మరోదానికి జీమ్యాట్ అనే అంతర్జాతీయ ప్రవేశ పరీక్ష, వ్యాసాలు, ఇంటర్వ్యూ. నాలుగోది ఉద్యోగం చేసుకుంటూ చదివేది. ఒకచోట సీటు తేలిగ్గా దొరికింది కదా అని అన్నిచోట్లా అంతే అనుకునేవాళ్ళున్నారు. క్యాట్ పర్సెంటైళ్ళు చూసి భయపడి, తమకి సరిగ్గా సరిపోయే కోర్సుకి కూడా అప్లై చెయ్యనివాళ్ళున్నారు. నాకు ఎక్కువ బాధ అనిపించేది ఈ రెండోవాళ్ళని చూస్తేనే.

కోటా ఉందా?

ముందు ఈ ఒక్క విషయం తేల్చుకుందాం. "నీకేంట్రా, ఎక్స్‌సర్వీస్‌మెన్ కోటా ఉంటుంది కదా" అని చుట్టాల్లో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. ఆ రిజర్వేషన్ ఉన్నది ప్రభుత్వ ఉద్యోగాల్లో. ఐఐఎం అడ్మిషన్లలో ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, ఈడబ్ల్యూఎస్, దివ్యాంగుల రిజర్వేషన్లు ఉన్నాయి, మాజీ సైనికుడికంటూ విడిగా సీట్లు లేవు. సర్వీసులో గాయపడి శాశ్వత వైకల్యం వచ్చినవాళ్ళు మాత్రం దివ్యాంగుల కోటాకి అర్హత ఉందేమో తప్పకుండా చూసుకోవాలి. చాలామంది మొహమాటంతో ఆ కాలమ్ ఖాళీగా వదిలేస్తారు. అందులో మొహమాటపడాల్సింది ఏమీ లేదు.

ఈ గందరగోళానికి ఒక కారణం ఉంది. మన ఐసెట్ లాంటి రాష్ట్ర ప్రవేశాల్లో క్యాప్ (సాయుధ దళాల వాళ్ళ పిల్లలు) కేటగిరీ ఉంటుంది. ఢిల్లీ యూనివర్సిటీలో సైనికుల పిల్లలకి, వితంతువులకి ప్రత్యేక కేటగిరీ ఉంటుంది. ఇవి ప్రధానంగా మన కుటుంబాల కోసం పెట్టినవి. మన పిల్లలు చదువుకునేటప్పుడు పనికొస్తాయి కాబట్టి గుర్తుపెట్టుకోండి. మన సొంత అడ్మిషన్‌కి మాత్రం వీటిని లెక్కలోకి తీసుకోవద్దు.

ఆరు నెలల డీజీఆర్ కోర్సు

రక్షణ శాఖ కింద డైరెక్టరేట్ జనరల్ రీసెటిల్‌మెంట్ ఉంది. మనందరం డీజీఆర్ అంటాం. రిటైర్‌మెంట్‌కి దగ్గరపడిన ఆఫీసర్లకి, కొత్తగా బయటికి వచ్చినవాళ్ళకి ఇది పెద్ద సంస్థల్లో సుమారు 24 వారాల బిజినెస్ మేనేజ్‌మెంట్ కోర్సులు ఏర్పాటు చేస్తుంది. అహ్మదాబాద్, లక్నో, ఇండోర్, కలకత్తా ఐఐఎంలు, ఎక్స్‌ఎల్‌ఆర్‌ఐ, గుర్‌గావ్ ఎండీఐ ఇలాంటి కోర్సులు నడిపినవే. ఆఫీసర్లకి ఫీజులో 60 శాతం డీజీఆర్ భరిస్తుంది, మిగతా 40 శాతం మనం కట్టుకోవాలి. జీమ్యాట్ అక్కర్లేదు. డీజీఆర్ నియమాల ప్రకారం ఎంపిక జరుగుతుంది. ఏ ఏడాది ఏ సంస్థలో బ్యాచ్ ఉంటుందన్నది డీజీఆర్ ప్రకటనలో చూసుకోవాలి.

"ఐఐఎంలో సీటు వచ్చింది" అని వాట్సాప్ గ్రూపుల్లో మిఠాయి బొమ్మలు పెట్టేది ఎక్కువగా దీనికే. సంతోషించాల్సిన విషయమే, తప్పేమీ లేదు. కాకపోతే చేతికొచ్చేది సర్టిఫికెట్, ఎంబీఏ డిగ్రీ కాదు. హెచ్‌ఆర్ వాళ్ళు కంప్యూటర్‌లో "ఎంబీఏ" అని వెతికితే మీ పేరు పైకి రాకపోవచ్చు. రెజ్యూమేలో ఎంబీఏ అని రాసుకోవడం తప్పు. బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో దొరికితే ఇన్నేళ్ళ సర్వీసు మీద మచ్చ పడుతుంది.

ఇది ఎవరికి మంచిదంటే, ఇరవై ఏళ్ళు దాటి సర్వీసు చేసి, పెన్షన్ చేతిలో ఉండి, 45 నుంచి 54 మధ్య బయటికి వచ్చే లెఫ్టినెంట్ కల్నల్, కల్నల్ స్థాయి వాళ్ళకి. ఆ వయసులో 30 లక్షల అప్పు చేసి ఏడాది కోర్సు చదివితే, ఆ డబ్బు వెనక్కి రాబట్టుకోవడానికి మిగిలే ఏళ్ళు తక్కువ. వాళ్ళకి కావలసింది బ్యాలెన్స్ షీట్ చదవడం, కంపెనీ భాష తెలియడం, నాలుగు పరిచయాలు. వీటికి ఆరు నెలలు సరిపోతాయి. సికింద్రాబాద్ కాలేజ్ ఆఫ్ డిఫెన్స్ మేనేజ్‌మెంట్‌లో హయ్యర్ కోర్సు చేసి ఉస్మానియా నుంచి మాస్టర్ ఆఫ్ మేనేజ్‌మెంట్ స్టడీస్ తీసుకున్నవాళ్ళయితే, ఇంకో పెద్ద డిగ్రీ జోలికి వెళ్ళనక్కర్లేదని నా అభిప్రాయం.

షార్ట్ సర్వీస్ చేసి 34 ఏళ్ళకి బయటికి వచ్చేవాడి సంగతి వేరు. వాడికి పెన్షన్ లేదు, ముందు పాతికేళ్ళ ఉద్యోగ జీవితం ఉంది. ఖర్చు తక్కువ కదా అని వాడు ఆరు నెలల కోర్సుతో ఆగిపోతే, దానికి రెండు మూడేళ్ళ తర్వాత చింతిస్తాడు. అలా చింతిస్తూ నాకు ఫోన్ చేసినవాళ్ళున్నారు.

ఏడాది కోర్సు: షార్ట్ సర్వీస్ వాళ్ళకి అసలైన చోటు

ఆర్మీ షార్ట్ సర్వీస్ పదేళ్ళు. ఆ తర్వాత పర్మనెంట్ కమిషన్ తీసుకోవచ్చు, నాలుగేళ్ళు పొడిగించుకోవచ్చు, బయటికి రావచ్చు. డిగ్రీ అయ్యాక చెన్నై ఓటీఏ (ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీ)లో ట్రైనింగ్, ఆ తర్వాత పదేళ్ళు. అన్నీ కలిపితే బయటికి వచ్చేసరికి 33 నుంచి 35 ఏళ్ళు. ఈ వయసుకి, ఈ అనుభవానికి తగినట్టు ఉండేవి జీమ్యాట్ లేదా జీఆర్‌ఈతో తీసుకునే ఏడాది పూర్తికాలం కోర్సులు. అహ్మదాబాద్ పీజీపీఎక్స్‌కి డిగ్రీ తర్వాత కనీసం నాలుగేళ్ళ అనుభవం కావాలి. బెంగళూరు ఈపీజీపీ, కలకత్తా ఎంబీఏఈఎక్స్, లక్నో ఐపీఎంఎక్స్ అయిదేళ్ళు అడుగుతాయి. గచ్చిబౌలిలో ఉన్న ఐఎస్‌బీ (ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్) పీజీపీకి రెండేళ్ళు చాలు.

ఐఎస్‌బీయా, పీజీపీఎక్సా? మన తెలుగువాళ్ళు ఎక్కువగా తేల్చుకోలేకపోయేది ఈ రెండింటి మధ్యే. ఐఎస్‌బీ ఇంటి దగ్గర ఉంది, పేరు ఉంది, హైదరాబాద్, మొహాలీ రెండు క్యాంపస్‌లూ కలిపి చాలా పెద్ద క్లాసు. సీట్లు ఎక్కువ కాబట్టి ఛాన్స్ ఎక్కువనిపిస్తుంది. కానీ ఆ క్లాసులో ఎక్కువమంది నాలుగైదేళ్ళ అనుభవం ఉన్న 26, 27 ఏళ్ళ వాళ్ళు. క్యాంపస్‌కి వచ్చే కంపెనీల్లో చాలా భాగం ఆ వయసు వాళ్ళకోసమే ఉద్యోగాలు తెస్తాయి. పదేళ్ళ సర్వీసు ఉన్న మేజర్ ఆ లైన్‌లో నిలబడితే, "ఈ పోస్టుకి మీరు సీనియర్ కదా" అంటారు. పీజీపీఎక్స్ క్లాసు చిన్నది, సగటు అనుభవం ఎనిమిదేళ్ళ దాకా ఉంటుంది, కంపెనీలు వచ్చేదే కాస్త పై స్థాయి ఉద్యోగాలకి. అందుకే ఎనిమిది నుంచి పన్నెండేళ్ళ సర్వీసు ఉన్నవాళ్ళకి నేను పీజీపీఎక్స్, ఎంబీఏఈఎక్స్, ఈపీజీపీ ముందు పెట్టమంటాను, ఐఎస్‌బీ వాటి పక్కన. ఏదో కారణంగా నాలుగైదేళ్ళకే బయటికి వచ్చినవాళ్ళకి మాత్రం ఐఎస్‌బీయే ముందు.

ఇంకో చిన్న తేడా చాలామంది గమనించరు. 2017 ఐఐఎం చట్టం తర్వాత ఐఐఎంలు డిగ్రీ ఇవ్వగలుగుతున్నాయి. ఐఎస్‌బీ ఇచ్చేది యూనివర్సిటీ డిగ్రీ కాదు. ప్రైవేటు కంపెనీలకి దానితో పనిలేదు. రేపు ఏదైనా ప్రభుత్వ రంగ సంస్థలో "గుర్తింపు పొందిన ఎంబీఏ" అడిగే పోస్టుకి వెళ్ళాలనే ఆలోచన ఉంటే మాత్రం అప్లై చేసేముందే ఈ విషయం చూసుకోండి.

ఇక సీటు వచ్చే అవకాశం. ఏడాది కోర్సుల్లో ఫౌజీకి ఒక సహజమైన బలం ఉంది. ఆ అప్లికేషన్ల గుట్టలో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లే ఎక్కువ. ఒకే రకం కంపెనీ, ఒకే రకం ప్రాజెక్ట్. వాళ్ళ మధ్య 24 ఏళ్ళకే ముప్పై మంది బాధ్యత మోసినవాడు వేరుగా కనపడతాడు. క్లాసులో అన్ని రకాలవాళ్ళూ ఉండాలని స్కూళ్ళు కూడా చూస్తాయి. కానీ ఆ బలం అప్లికేషన్ తెరిపించి చదివించేదాకే. తర్వాత చూసేవి మూడు: స్కోరు, డిగ్రీ మార్కులు, మీరు రాసింది.

స్కోరు గురించి. ఇప్పుడున్న జీమ్యాట్ 205 నుంచి 805 దాకా. మూడు సెక్షన్లు, ఒక్కోటి 45 నిమిషాలు. పాత పరీక్షలో 700 అంటే ఇందులో దాదాపు 645. డిగ్రీ మార్కులు బాగా ఉంటే 645 దగ్గర నిలబడొచ్చు. డిగ్రీలో 55 శాతంతో గట్టెక్కినవాళ్ళు ఇంకో ఇరవై ముప్పై పాయింట్లు ఎక్కువ తెచ్చుకోవాలి, ఎందుకంటే పాత మార్కులు ఎలాగూ మారవు. లెక్కలు పట్టుకుని పదేళ్ళయింది కాబట్టి నాలుగు నెలలు పడుతుంది. ఫీల్డ్ పోస్టింగ్‌లో రోజుకి గంట దొరికితే గొప్ప. 60 రోజుల యాన్యువల్ లీవ్‌లో సగం దీనికే దాచుకోండి, ఇంట్లోవాళ్ళకి ముందే చెప్పి ఒప్పించండి. పరీక్షని లీవ్ చివరి రోజున పెట్టుకోవద్దు. మళ్ళీ రాయాలంటే 16 రోజుల ఎడం ఉండాలి. ఆ ఎడం లీవ్‌లోనే పడేలా చూసుకుంటే రెండో అవకాశం చేతిలో ఉంటుంది. స్కోరు అయిదేళ్ళు చెల్లుతుంది కాబట్టి రిలీజ్‌కి రెండేళ్ళ ముందే రాసి పెట్టుకోవచ్చు. సర్వీసులో ఉండగా ఏ దరఖాస్తుకైనా యూనిట్ ద్వారా పర్మిషన్ పెట్టుకోండి, ఆ కాగితం తిరిగి రావడానికి పట్టే టైము కూడా లెక్కలో వేసుకోండి.

ఏసీఆర్ భాష వదలాలి

నా మొదటి అప్లికేషన్ ఇంటర్వ్యూ దాకా కూడా వెళ్ళలేదు. స్కోరు బాగానే ఉంది. రెండేళ్ళ తర్వాత ఆ వ్యాసం తీసి చదువుకుంటే కారణం అర్థమైంది. అది వ్యాసంలా లేదు, ఏటా పై ఆఫీసర్ మన మీద రాసే రిపోర్టులా, అంటే ఏసీఆర్‌లా ఉంది. ఫౌజులో మన గురించి మనం చెప్పుకోవడం అలవాటు ఉండదు. చెప్పాల్సి వస్తే ఇంకొకరు మన గురించి రాసే పెద్ద పెద్ద మాటలే వాడతాం.

కర్నూలు మేజర్ కూడా మొదట ఇలాగే రాసి పంపాడు: "అత్యంత కఠినమైన వాతావరణ పరిస్థితుల్లో అంకితభావంతో, నాయకత్వ పటిమతో జవాన్లను నడిపించి, అప్పగించిన బాధ్యతలన్నింటినీ విజయవంతంగా నిర్వర్తించాను." ఇందులో తప్పు మాట ఒక్కటీ లేదు. కానీ ఇదే వాక్యం కింద ఏ ఆఫీసర్ సంతకం పెట్టినా సరిపోతుంది.

ఒక ఆదివారం ఫోన్‌లో కూర్చోబెట్టి అడిగాను. "ఆ ఏడాది నీకు నిద్ర పట్టని వారం ఏది?" అప్పుడు చెప్పడం మొదలుపెట్టాడు. చలికాలంలో పైకి వెళ్ళే కనుమలు మంచుతో మూసుకుపోతాయి. ఆ లోపే నెలల తరబడి సరిపోయే రేషన్, కిరోసిన్ పైకి చేరాలి. దాన్నే అడ్వాన్స్ వింటర్ స్టాకింగ్ అంటాం. సరిగ్గా ఆ సీజన్ మధ్యలో కొండచరియలు పడి తొమ్మిది రోజులు రోడ్డు ఆగింది. రోడ్డు తెరిచాక ఉన్న లారీలు ప్లాన్‌లో సగం. కిరోసిన్ ముందా, పిండి ముందా? అందరూ తిండే ముందన్నారు. ఇతను పైనున్న నిల్వల రిజిస్టర్ తెప్పించి చూశాడు. పిండి ఆరు వారాలకి ఉంది, కిరోసిన్ మూడు వారాలకే. కిరోసిన్ ముందు పంపాడు. పై ఆఫీసర్‌తో రిజిస్టర్ చూపించి వాదించాడు. మంచు పడేలోపు రెండూ చేరాయి.

"ఇదే రాయి" అన్నాను. "ఇది మామూలు డ్యూటీ కదా సర్" అన్నాడు. మనకి మామూలు డ్యూటీ. చదివే ప్రొఫెసర్‌కి అది సరుకు నిల్వ, రవాణా, అనిశ్చితి, పై అధికారిని ఒప్పించడం, నాలుగూ ఒకే కథలో. పోస్టు పేర్లు, దళాల సంఖ్యలు, దూరాలు అందులో రాకూడదు. అవి లేకుండానే కథ నిలబడుతుంది.

రికమండేషన్ లెటర్ దగ్గర కూడా ఇదే సమస్య. సీవోకి (కమాండింగ్ ఆఫీసర్‌కి) పంపితే "ఔట్‌స్టాండింగ్ ఆఫీసర్, స్ట్రాంగ్లీ రికమండెడ్" అని రెండు లైన్లు వస్తాయి. ఆయన ప్రేమలో లోపం లేదు, అలవాటు అది. మీరే వెళ్ళి కూర్చుని, "సర్, ఫలానా వారంలో నేను మీతో వాదించాను, గుర్తుందా? అది రాస్తే నాకు పనికొస్తుంది" అని అడగండి. స్కూల్ పంపే లింక్ చాలాసార్లు స్పామ్‌లో పడుతుంది. అది తెరిచి నింపారా లేదా అని చివరి తేదీకి పది రోజుల ముందే కనుక్కోండి.

ఇంటర్వ్యూలో దాదాపు ప్రతి ఫౌజీకీ ఎదురయ్యే ప్రశ్న ఒకటి ఉంది. "మీ కింది వాళ్ళు మీ మాట కాదనలేరు. కంపెనీలో కాదంటారు. అప్పుడేం చేస్తారు?" దీనికి "ఫౌజులో కూడా మేము ప్రేమగానే ఉంటాం" అని చెప్తే సరిపోదు. మీ సర్వీసులో మీ ఆర్డర్ వినాల్సిన పనిలేని మనుషులెవరో గుర్తుచేసుకోండి. సప్లై వాళ్ళకైతే అద్దె లారీల డ్రైవర్లు. సివిల్ డ్రైవర్‌ని మీరు సెల్యూట్ కొట్టించలేరు, శిక్ష వెయ్యలేరు. అతనికి కిరాయి ఆలస్యమైతే బండి పక్కన పెట్టేస్తాడు. అతన్ని రాత్రి కనుమ దాటడానికి ఎలా ఒప్పించారు? ఇంజినీర్స్ వాళ్ళకైతే కాంట్రాక్టర్లు, పోర్టర్లు. నేవీ వాళ్ళకైతే డాక్‌యార్డ్ యూనియన్లు. ఆ ఒక్క కథ సిద్ధంగా ఉంటే ఇంటర్వ్యూ సగం అయిపోయినట్టే.

"ఫౌజు ఎందుకు వదులుతున్నారు?" అని కూడా అడుగుతారు. ప్రమోషన్ రాలేదనో, బాస్ మంచివాడు కాదనో మొదలుపెట్టకండి. టెన్యూర్ అయింది, ఇప్పుడు ఫలానా పని చెయ్యాలనుకుంటున్నాను అని నేరుగా చెప్పండి. ఆ ఫలానా పని ఏదో మీకు నిజంగా తెలిసి ఉండాలి. "ఏదైనా పర్లేదు" అనే జవాబుతో చాలా మంచి ఆఫీసర్లు వెనక్కి వచ్చారు.

క్యాట్ రాసి రెండేళ్ళ కోర్సు

పదేళ్ళ సర్వీసు ఉన్నవాళ్ళకి నేను వద్దనే చెప్తాను. షార్ట్‌లిస్టుల్లో పదో తరగతి నుంచి డిగ్రీ దాకా మార్కులకి బరువు ఎక్కువ. అనుభవానికి ఇచ్చే పాయింట్లు మూడేళ్ళు దాటాక పెద్దగా పెరగవు. మీ పదేళ్ళకి అక్కడ విలువ కట్టే పద్ధతే లేదు. క్లాసులో పక్కన కూర్చునేవాళ్ళకి 23 ఏళ్ళు. అకాడమీలోనో, కమిషన్ అయిన తొలినాళ్ళలోనో మెడికల్ కారణాలతో బయటికి వచ్చి, 27 లోపు ఉన్నవాళ్ళు మాత్రం తప్పకుండా రాయాలి.

ఉద్యోగం చేస్తూ చదివే కోర్సులు ఇంకో రకం. విశాఖలో ఈస్టర్న్ నేవల్ కమాండ్ నుంచి బయటికి వచ్చి అక్కడే స్థిరపడినవాళ్ళకి గంభీరం దగ్గరున్న ఐఐఎం విశాఖపట్నం ఎగ్జిక్యూటివ్ ప్రోగ్రాం అందుబాటులో ఉంది. ఇప్పటికే సివిల్ ఉద్యోగం దొరికి, పైకి ఎదగడానికి డిగ్రీ కావాలనుకునేవాళ్ళకి ఇది పనికొస్తుంది. కొత్త రంగంలోకి మారాలంటే మాత్రం క్యాంపస్ ప్లేస్‌మెంట్ ఉన్న పూర్తికాలం కోర్సే మేలు.

విదేశాలు: రెండు వేర్వేరు కథలు

హార్వర్డ్, వార్టన్, టక్ లాంటి అమెరికా స్కూళ్ళలో సైన్యం నుంచి వచ్చినవాళ్ళకి విడిగా క్లబ్బులున్నాయి. క్లాస్ ప్రొఫైల్‌లో వాళ్ళ శాతం ప్రత్యేకంగా చూపిస్తారు. అది చూసి మనవాళ్ళు ఉత్సాహపడతారు. ఆ సౌకర్యాల్లో ఎక్కువ భాగం అమెరికా సైన్యంలో పనిచేసినవాళ్ళకి. ఫీజు మాఫీలు, ప్రభుత్వ డబ్బు మనకి వర్తించవు. భారత ఫౌజీ అక్కడ ఇండియా నుంచి అప్లై చేసే వేలమందిలో ఒకడు. కథ వేరుగా ఉంటుందన్న బలం ఉంది. కానీ రెండేళ్ళ ఎంబీఏలో సగటు వయసు 28 దగ్గర, ట్యూషన్ ఒక్కటే పేరున్నచోట ఏడాదికి 75 వేల డాలర్లు దాటుతుంది. 34 ఏళ్ళ మేజర్ తప్పక వెళ్ళాలనుకుంటే, అనుభవం ఉన్నవాళ్ళ కోసమే పెట్టిన ఏడాది కోర్సులు చూడాలి. స్టాన్‌ఫర్డ్ ఎంఎస్‌ఎక్స్, ఎంఐటీ స్లోన్ ఫెలోస్ లాంటివి. ఇంకొకటి, అమెరికాలో రక్షణ రంగ కంపెనీల్లో చాలా ఉద్యోగాలు అక్కడి పౌరులకి, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళకే. మన ఫౌజు అనుభవం అక్కడ నేరుగా అమ్ముడుపోతుందని ఆశపడొద్దు. వెళ్ళి తిరిగి వచ్చేయాలనే ఆలోచన ఉన్నవాళ్ళకి ఇక్కడి ఏడాది కోర్సే లాభం.

అమెరికాలో పెరిగి అక్కడి ఆర్మీలోనో నేవీలోనో చేసిన మన తెలుగు పిల్లల పరిస్థితి దీనికి పూర్తిగా వ్యతిరేకం. 2009 నుంచి అమల్లో ఉన్న పోస్ట్ 9/11 జీఐ బిల్ కింద పూర్తి అర్హత ఉంటే 36 నెలల చదువు ఖర్చు వస్తుంది. ప్రభుత్వ యూనివర్సిటీ అయితే ఆ రాష్ట్రం వాళ్ళకుండే ట్యూషన్ మొత్తం వస్తుంది, పైన ఇంటి అద్దె భత్యం. ప్రైవేటు స్కూల్ అయితే ఏడాదికి సుమారు 30 వేల డాలర్ల పరిమితి ఉంది. మిగిలిన దాన్ని ఎల్లో రిబ్బన్ పథకంలో స్కూల్ కొంత, ప్రభుత్వం అంతే మొత్తం భరిస్తాయి. ఒక్కో స్కూల్ ఎంత ఇస్తుంది, ఎంతమందికి ఇస్తుంది అన్నది వేరువేరు. అందుకని మిషిగన్ రాస్, వర్జీనియా డార్డెన్, బర్క్‌లీ హాస్ లాంటి ప్రభుత్వ స్కూళ్ళని జాబితాలో తప్పక పెట్టుకోవాలి. దరఖాస్తుల్లో సాయం చేసే సర్వీస్ టు స్కూల్ అనే లాభాపేక్ష లేని సంస్థ డబ్బు తీసుకోదు. అప్లికేషన్ కన్సల్టెంట్లకి వేల డాలర్లు పోసేముందు అక్కడ అడగండి.

జవాన్లు, ఎయిర్‌మెన్, సెయిలర్లు

ఈ విషయం మీద రాసేవాళ్ళు ఆఫీసర్ల దగ్గరే ఆగిపోతారు. మిలిటరీ మాధవరం లాంటి ఊళ్ళున్న నేల మనది. ఇంటర్‌తో చేరి, సర్వీసులోనే ఇగ్నో డిగ్రీ చేసిన హవల్దార్లు, సార్జెంట్లు మన జిల్లాల్లో ఎందరో. వాళ్ళు గమనించాల్సింది ఒకటుంది. ఎగ్జిక్యూటివ్ కోర్సుల్లో అనుభవాన్ని డిగ్రీ చేతికొచ్చిన రోజు నుంచే లెక్కపెడతారు. పదిహేనేళ్ళ సర్వీసు ఉన్నా, డిగ్రీ వచ్చి మూడేళ్ళే అయితే అక్కడ మూడేళ్ళే. కాబట్టి డిగ్రీ ఎంత త్వరగా పూర్తి చేస్తే అంత మంచిది. పదిహేనేళ్ళ సర్వీసుకి ఇచ్చే గ్రాడ్యుయేషన్ సర్టిఫికెట్ కింది స్థాయి ప్రభుత్వ ఉద్యోగాల కోసం. దాన్ని బీ-స్కూల్‌కి డిగ్రీలా చూపించడానికి లేదు. జేసీవోలకి (జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్లకి), జవాన్లకి డీజీఆర్ నడిపే కోర్సులకి ఫీజు కట్టక్కర్లేదు, ముందు అవి వాడుకోండి.

2022లో మొదలైన అగ్నిపథ్‌లో నాలుగేళ్ళు చేసి బయటికి వచ్చేవాళ్ళ వయసు 21 నుంచి 25. నిజానికి క్యాట్‌కి ఇదే సరైన వయసు. ఇగ్నో వాళ్ళ డిగ్రీలో సర్వీసు ట్రైనింగ్‌కి సగం క్రెడిట్లు ఇస్తున్నారు. సేవానిధిగా వచ్చే సుమారు 11.71 లక్షలు బండికీ, పెళ్ళికీ కరిగిపోకముందే డిగ్రీ పూర్తి చేసి, ఒక్క ఏడాది క్యాట్ కోచింగ్ మీద పెట్టే కుర్రాడు ఎవరైనా ఉంటే, వాడికి నేను సొంత తమ్ముడికి చెప్పినట్టు దగ్గరుండి చెప్తాను.

డబ్బు, తేదీలు

ఏడాది కోర్సు ఫీజు 30 లక్షల చుట్టూ, కొన్నిచోట్ల ఇంకా పైనే. షార్ట్ సర్వీస్ వాళ్ళకి పెన్షన్ లేదు కాబట్టి గ్రాట్యుటీ, ప్రావిడెంట్ ఫండ్, గ్రూప్ ఇన్సూరెన్స్, లీవ్ ఎన్‌క్యాష్‌మెంట్ కలిపి వచ్చేదే మూలధనం. మొత్తం తీసి ఫీజు కట్టేయొద్దు. స్టేట్ బ్యాంక్ స్కాలర్ లోన్ లాంటివి ఐఐఎంలకి, ఐఎస్‌బీకి తాకట్టు లేకుండా పెద్ద మొత్తమే ఇస్తాయి. లోన్ తీసుకుని, చేతిలో డబ్బుని ఏడాదిన్నర ఇంటి ఖర్చుకి ఉంచండి. క్వార్టర్ ఖాళీ చెయ్యాలి, పిల్లల స్కూల్ మారాలి, క్యాంటీన్ దూరమవుతుంది. మొదటి నెల కిరాణా బిల్లు చూసి మా ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు.

తేదీల సంగతి ఎవరూ ముందుగా చెప్పరు. ఓటీఏ చెన్నై నుంచి బ్యాచ్‌లు బయటికి వచ్చేది మార్చిలో, సెప్టెంబర్‌లో. రిలీజ్ కూడా పదేళ్ళ తర్వాత అదే నెలలో పడుతుంది. ఈ ఏడాది కాలపు కోర్సులు ఎక్కువగా ఏప్రిల్‌లో మొదలవుతాయి. మార్చి వాళ్ళకి బ్యాగ్ సర్దుకునే టైమే ఉంటుంది, కాబట్టి జీమ్యాట్, అప్లికేషన్, ఇంటర్వ్యూ మొత్తం సర్వీసులో ఉండగానే అయిపోవాలి. సెప్టెంబర్ వాళ్ళకి ఆరు నెలల ఖాళీ వస్తుంది. దాన్ని జీమ్యాట్ కోసం వాడదామనుకుంటే ఆలస్యమైనట్టే, ఎందుకంటే తొలి రౌండ్లు అప్పటికే నడుస్తుంటాయి. స్కోరు ముందే ఉంటే ఆ ఆరు నెలలు ఇంటర్వ్యూలకి, ఇల్లు మారడానికి, ఎక్సెల్, అకౌంట్స్ నేర్చుకోవడానికి బంగారంలా పనికొస్తాయి.

కర్నూలు మేజర్ది సెప్టెంబర్ రిలీజ్. మే నెల లీవ్‌లో హైదరాబాద్‌లో మొదటిసారి రాస్తే 605 వచ్చింది. లీవ్ ఇంకా ఇరవై రెండు రోజులుంది. ఇరవయ్యో రోజున మళ్ళీ రాసి 665తో వెనక్కి లేహ్ వెళ్ళాడు. ఇప్పుడు వ్యాసం మూడోసారి తిరగరాస్తున్నాడు. కిరోసిన్ కథ మొదటి పేరాలోకి వచ్చింది.